ప్రకాశము పంతులుగారు

టంగుటూరి ప్రకాశము పంతులుగారు 1872వ సంవత్సరమున వినోదరాయునిపాలెమున జన్మించిరి. బాల్యముననే తండ్రి గతింపఁగా, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలున పూటకూటియిల్లు నడపి బిడ్డలఁ బోషించిరి. ఉపాధ్యాయులగు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు కులభేద మెంచక యీ బాలుని రాజమహేంద్రవరమునకుఁ గొనిపోయి చదివించిరి.

పంతులుగారు ద్వితీయశ్రేణి ప్లీడరై, ఆ పట్టణముననే వృత్తి సాగించి విశేషముగ ధనార్జన చేసిరి. పురపాలక సంఘపు టెన్నికల పోరునకు దిగి, గెలిచి, అధ్యక్షులై పట్టణభారమును వహించిరి. పట్టణమంతయుఁ దమ చేతిలో నున్నను, ద్వితీయశ్రేణి ప్లీడరునకు హైకోర్టున వాదించు నధికారము లేదు. ఆ కొఱఁత తీర్చుకొన నెంచి, మద్యమాంసములు ముట్టనని తల్లికి మాటయిచ్చి, 1904లో ఆంగ్లదేశమున కేగిరి. 1907లో బారిష్టరై మరలివచ్చి చెన్నపురి హైకోర్టునఁ బ్రసిద్ధి కెక్కిరి. అట్టి వృత్తిని 1921లో దేశసేవకై విడిచిరి. 1953లో ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రియై, 1957లో దివంగతులైరి.

ఇట్టి న్యాయవాదిని మన కొసఁగినవారు పూటకూటియింటి తల్లియు, అన్యకులజులగు నొక యుపాధ్యాయులును. మేమును బడిపంతులమే గావున నీ మాట చెప్పక విడువఁజాలము. వదాన్యులారా! మన సంఘము విద్యార్థివేతనము లొసఁగునపుడు మన పిల్లలకే యని గిరి గీయకుండుటయే ఆ మహనీయునకు నిజమైన నివాళి.