జన్యువుల మార్పును లెక్కకు తెచ్చిన ముల్లర్

సంతానం తల్లిదండ్రులను పోలి ఉండుట ప్రకృతి నియమం. అయినా అరుదుగా ఒక జన్యువు మారిపోతుంది; ఆ మార్పు తరతరాలకు సంక్రమిస్తుంది. దీనినే జీవశాస్త్రజ్ఞులు ఉత్పరివర్తనం అంటారు. కంటికి కానరాని ఈ మార్పును పట్టుకొనుట ఎట్లా? లెక్కించుట ఎట్లా? ఈ ప్రశ్నకు తృప్తికరమైన సమాధానం చెప్పి, తన సమాధానమే లోకానికి హెచ్చరిక కాగా జీవితాంతం ఆ హెచ్చరికను వినిపించిన శాస్త్రజ్ఞుడు హెర్మన్ జోసెఫ్ ముల్లర్.

ముల్లర్ 1890 డిసెంబరు 21వ తేదీన న్యూయార్కు నగరంలో జన్మించినాడు. పదేళ్ళు నిండకముందే తండ్రి గతించినాడు. విద్యార్థి వేతనంతో కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరి, సెలవులలో చిన్న చిన్న కొలువులు చేస్తూ చదువు సాగించినాడు. అక్కడ థామస్ హంట్ మోర్గాన్ అనే ఆచార్యుడు సీసాలలో పండ్ల ఈగలను పెంచి వంశపారంపర్య రహస్యాలను శోధిస్తూ ఉండినాడు. ఈ ఈగకు ఒక తరం గడచుటకు పది పన్నెండు దినాలు చాలును. 1910లో ఎర్రకన్నుల ఈగల నడుమ తెల్లకన్నుల మగ ఈగ ఒకటి కనిపించుటతో ఆ ప్రయోగశాల ప్రసిద్ధి కెక్కినది. ముల్లర్ అక్కడనే పరిశోధకుడుగా రూపొందినాడు.

అయితే ఆ పద్ధతిలో ఒక చిక్కు ఉన్నది. కన్నుల రంగు, రెక్కల ఆకృతి వంటి మార్పులు బహు అరుదు. పరిశీలించువాని చూపు ఎంత నిశితమైతే లెక్క అంత పెరుగుతుంది. చూపు మందగిస్తే లెక్క తగ్గుతుంది. అట్టి లెక్కపై శాస్త్రం నిలువదు. పైగా ప్రాణం తీసే మార్పులు కనిపించనే కనిపించవు, వాటిని పొందిన జీవి పుట్టకముందే నశిస్తుంది గనుక. కనిపించని ఆ మరణాన్నే సాక్ష్యంగా నిలబెట్టవచ్చునని ముల్లర్ గ్రహించినాడు.

ఆయన యుక్తి ఇది. ఆడ ఈగకు ఎక్స్ క్రోమోసోములు రెండు. మగ ఈగకు ఒక్కటే, అదియు తల్లి నుండి వచ్చినది. ముల్లర్ ఒక ప్రత్యేకమైన ఆడ ఈగల జాతిని సిద్ధం చేసినాడు. వాటి ఎక్స్ క్రోమోసోములలో ఒకటి గుర్తు వేసిన నాణెం వంటిది. అది తన జంటతో భాగాలు మార్చుకొనదు. దానిలో ప్రాణాంతకమైన జన్యువు ఒకటి దాగి ఉన్నది. అది ఉన్న ఆడ ఈగ కన్ను సన్నని పట్టీవలె ఉంటుంది. ఎక్స్ కిరణాలు తగిలిన మగ ఈగతో ఈ ఆడ ఈగను జతపరచి, పుట్టిన కూతుళ్ళలో పట్టీకన్ను ఉన్నవాటిని ఏరి, ఒక్కొక్కదానిని వేరు సీసాలో మామూలు మగ ఈగతో ఉంచినాడు. ఆ కూతురి కొడుకులలో సగం గుర్తు గల క్రోమోసోమును పొంది ఎట్లాగూ చనిపోతాయి. తక్కిన సగానికి తాత నుండి వచ్చిన, కిరణాలు తగిలిన క్రోమోసోము లభిస్తుంది. దానిలోనూ కొత్తగా ప్రాణాంతకమైన మార్పు కలిగి ఉంటే అవీ బ్రతకవు. కనుక మగ ఈగ ఒక్కటైనా లేని సీసా ఒక ఉత్పరివర్తనానికి సాక్షి. భూతద్దంతో ఒక్కమారు చూస్తే చాలును. అభిప్రాయభేదానికి తావే లేదు.

టెక్సాస్ విశ్వవిద్యాలయంలో 1926లో మొదలైన ఈ ప్రయోగాలలో, అధిక మోతాదు కిరణాలు తగిలిన ఈగలలో ఉత్పరివర్తనాలు సహజంగా కలిగే వాటికంటే సుమారు 150 రెట్లు హెచ్చినవి. 1927లో ఈ ఫలితం వెలువడినది. బెర్లిన్ నగరంలో జరిగిన అంతర్జాతీయ మహాసభ దానిని విని విస్తుపోయినది.

కీర్తి వచ్చినా శాంతి రాలేదు. మనోవేదనతోను, రాజకీయాభిప్రాయాల వల్ల వచ్చిన ఇక్కట్లతోను ఆయన 1932లో అమెరికా విడిచి బెర్లిన్ చేరినాడు. మరుసటి ఏడు అక్కడ హిట్లర్ అధికారానికి వచ్చినాడు. వావిలోవ్ ఆహ్వానంపై రష్యా వెళితే, అక్కడ లైసెంకో జన్యుశాస్త్రాన్నే నిరాకరించినాడు. 1936లో నిండుసభలో అతనిని ఎదిరించిన ముల్లర్ 1937లో ఆ దేశం వీడవలసి వచ్చినది. వావిలోవ్ 1943లో చెరసాలలోనే మరణించినాడు. పిదప ఎడింబరోలో ముల్లర్ ప్రోత్సాహంతో షార్లెట్ ఆవర్‌బాక్ అనే విదుషి, ఆయన లెక్కింపు పద్ధతితోనే, మస్టర్డ్ వాయువు కూడ జన్యువులను మార్చునని రుజువు చేసినది.

1946లో నోబెల్ బహుమానం లభించినది. ఆ కాలంలో అమెరికాలో చెప్పుల దుకాణాలలో సైతం పాదాల కొలతకు ఎక్స్ కిరణాలను వాడేవారు. కిరణాల హాని వాటికి గురియైన వానితో తీరదనీ, పుట్టబోయే సంతతికి కూడ సంక్రమించగలదనీ ముల్లర్ వైద్యులను, ప్రభుత్వాలను హెచ్చరిస్తూనే వచ్చినాడు. 1955లో అణ్వాయుధాలకు వ్యతిరేకంగా రస్సెల్, ఐన్‌స్టీన్‌లు వెలువరించిన ప్రకటనపై సంతకం చేసినాడు. ఎంత స్వల్పమైన మోతాదైనా హానికరమే అన్న ఆయన వాదంపై చర్చ నేటికీ ముగియలేదు. అనవసరంగా కిరణాలకు గురికారాదన్న నియమం మాత్రం వైద్యశాలలలో స్థిరపడినది.

ముల్లర్ 1967 ఏప్రిల్ 5వ తేదీన కన్నుమూసినాడు. నేడు శాస్త్రజ్ఞులు డి.ఎన్.ఎ.ను అక్షరమక్షరంగా చదివి, తల్లిదండ్రులలో లేని మార్పు బిడ్డలో ఎక్కడ కలిగినదో నేరుగా చూపగలరు. అట్టి సాధనమేదీ లేని దినాలలో, కొన్ని సీసాలు, ఒక భూతద్దం, నిర్దుష్టమైన తర్కం తోడుగా ముల్లర్ ఆ పని సాధించినాడు. పరికరానికి ముందు ప్రశ్న స్పష్టంగా ఉండవలెనన్నది ఆయన జీవితం విద్యార్థిలోకానికి నేర్పే పాఠం.