కథ లోపలి కథ చెప్పిన విశ్వనాథ

నాందేడ్ జిల్లాలో తెలుగు చదివే మన పిల్లలకు ఈసారి ఒక పెద్ద రచయితను పరిచయం చేయాలనుకుంటున్నాం. ఆయన విశ్వనాథ సత్యనారాయణ. పేరు అందరూ విన్నదే. అయితే ఆయన పుస్తకాలు పెద్దవనీ, భాష కష్టమనీ మన బడులు వాటి జోలికి వెళ్లవు. పైకి ఒక కథ చెబుతూ లోపల మరో అర్థం దాచడంలో ఆయన దిట్ట. అలాంటి కథ చదవడం పిల్లలకు ఎందుకు నేర్పాలో ఆయన జీవితమే చెబుతుంది.

విశ్వనాథ 1895 సెప్టెంబరు 10న కృష్ణా జిల్లా నందమూరులో పుట్టారు. తండ్రి శోభనాద్రి దానధర్మాలకు పేరుపడ్డ మనిషి. ఉన్న ఆస్తి చేయి జారిపోవడంతో కొడుకు బాల్యం తర్వాత లేమిలోనే గడిచింది. బందరులో చదువుకునేటప్పుడు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఆయనకు గురువు. ఆ శిష్యరికంలో పద్యం పట్టుబడింది. ఆ తర్వాత పంతులయ్యారు. బందరు, గుంటూరు, విజయవాడల్లో పాఠాలు చెప్పారు. ఉద్యోగాలు మారాయి, ఇబ్బందులు వచ్చాయి. భార్య వరలక్ష్మమ్మ చిన్న వయసులోనే పోయారు. రాయడం మాత్రం ఆగలేదు.

1934 ప్రాంతంలో రాసిన నవల 'వేయిపడగలు'. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పెట్టిన నవలల పోటీలో అడివి బాపిరాజు 'నారాయణరావు'తో కలిసి బహుమతి పంచుకుంది. పైకి అది సుబ్బన్నపేట అనే ఊరి కథ. జమీందారులు, గుడి, ధర్మారావు, ఆయన భార్య అరుంధతి అందులో ఉంటారు. లోపల మరో కథ నడుస్తుంది. ఊరిని కాచే పాముకు వేయి పడగలు. కాలం మారేకొద్దీ ఒక్కొక్క పడగా పోతుంది. పాత కట్టుబాట్లు, వృత్తులు, నమ్మకాలు ఒక్కొక్కటే కూలిపోవడానికి అది గుర్తు. చివరకు రెండు పడగలే మిగులుతాయి. అవి భార్యాభర్తల బంధానికి గుర్తు.

ఈ గుర్తు మన పిల్లలకు అంత దూరమైనదేమీ కాదు. నాగుల చవితికి మనం పుట్టలో పాలు పోస్తాం. ఇక్కడి మరాఠీవారు శ్రావణంలో నాగపంచమి చేసుకుంటారు. పామును ఎందుకు పూజిస్తారని తరగతిలో అడిగితే ప్రతి బిడ్డకూ చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఉపాధ్యాయులు అక్కడి నుంచి నవలలోకి తీసుకెళ్లవచ్చు.

అంత పెద్ద నవల పిల్లలకు బరువనిపిస్తే ఆయనవే చిన్నవి ఉన్నాయి. 'హాహా హూహూ'లో గుర్రం తల ఉన్న గంధర్వుడు రెక్క విరిగి లండన్ నడిబొడ్డున పడతాడు. అక్కడివారు అతన్ని బోనులో పెట్టి వింత జంతువులా పరిశీలిస్తారు. చదువుతుంటే నవ్వొస్తుంది. ఏలినవారు ఏలుబడిలో ఉన్నవారిని ఎలా చూశారన్నదే దాని లోపలి కథ. 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు'లో పంచతంత్రం రాసిన విష్ణుశర్మ కలలో వచ్చి ఇంగ్లీషు నేర్చుకోబోతాడు. ఆ భాష స్పెల్లింగుల మీద, వ్యాకరణం మీద ఆయన వేసే ప్రశ్నలకు పాఠం చెప్పే పంతులే తడబడతాడు. పిల్లల్ని ఏ మీడియంలో చేర్చాలని ఇంట్లో వాదులాడుకునే తల్లిదండ్రులందరూ చదవదగ్గ పుస్తకమిది.

విశ్వనాథ చెప్పిందంతా మనం ఒప్పుకోవాలని లేదు. పాత వ్యవస్థ మీద ఆయనకున్న ప్రేమను ఆనాడే చాలామంది తప్పుపట్టారు. ఆ వేయి పడగల నీడ అందరికీ సమానంగా దక్కిందా? మగ్గం నేసేవారికి, పొలంలో కూలి చేసేవారికి ఎంత దక్కింది? మన పిల్లలు ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి. పాము దేనికి గుర్తో తెలిసిన బిడ్డే ఈ ప్రశ్న అడగగలదు. పైకథ దగ్గరే ఆగిన బిడ్డ రచయితతో ఏకీభవించనూ లేదు, విభేదించనూ లేదు. ఏది చదివినా తలూపుతుంది. రేపు ఎవరు ఏ కథ చెప్పినా అలాగే తలూపుతుంది. మనకు భయం అక్కడే.

1959లో విశ్వనాథ కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా వచ్చారు. 1956 దాకా మన నాందేడ్, ఆ కరీంనగర్ ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. ఆ కరీంనగర్ ప్రాంతం వారే అయిన పి.వి.నరసింహారావు 'వేయిపడగలు'ను 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తెచ్చారు. హరి నారాయణ ఆప్టే మరాఠీ నవలను 'అబల జీవితం'గా తెలుగు చేసిందీ ఆయనే. రెండు మూడు భాషల మధ్య పెరగడం చదువుకు అడ్డు అనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

'రామాయణ కల్పవృక్షం' విశ్వనాథకు 1970 జ్ఞానపీఠ పురస్కారం తెచ్చింది. తెలుగుకు దక్కిన మొదటి జ్ఞానపీఠం అదే. 1976 అక్టోబరు 18న ఆయన కన్నుమూశారు.

ఉపాధ్యాయులకు మా మనవి ఒక్కటే. వారానికి ఒక పీరియడ్ 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు' నుంచి నాలుగు పేజీలు బిగ్గరగా చదివించండి. కథ అయ్యాక నీతి మీరు చెప్పకండి. రచయిత ఎవరిని చూసి నవ్వుతున్నాడో పిల్లల్నే అడగండి. తల్లిదండ్రులు కూడా రాత్రి అన్నాల దగ్గర అదే ప్రశ్న అడగవచ్చు. జవాబు తెలుగులో వచ్చినా, మరాఠీలో వచ్చినా సంతోషమే.