రాబర్ట్ బర్న్స్ జన్మించిన పూరియిల్లు

స్కాట్లండు దేశమున ఎయిర్ పట్టణమునకు సమీపమున ఆలొవే యను గ్రామము గలదు. అచ్చట రాతిని, బంకమన్నును గూర్చి గోడలు పెట్టి, పైన గడ్డి కప్పిన చిన్న యిల్లొకటి నేటికిని నిలిచియున్నది. దానిని 1757వ సంవత్సరమున విలియము బర్న్స్ అను తోటమాలి తన చేతులతోనే కట్టుకొనెను. అతని పెద్ద కుమారుడు రాబర్ట్ 1759 జనవరి 25వ తేదీని ఆ యింటనే జన్మించెను. కొలది దినములకే పెనుగాలికి గోడ కొంత కూలిపోగా, తల్లియగు ఆగ్నెస్ పసిబిడ్డతో పొరుగింట తలదాచుకొనవలసి వచ్చెను.

విలియము బీదవాడు, అయినను బిడ్డలు చదువులేక పెరుగుట కతడు సమ్మతింపలేదు. 1765లో అతడును, ఇరుగుపొరుగువారు కొందరును గలిసి జాన్ మర్డాక్ అను పదునెనిమిదేండ్ల యువకుని ఉపాధ్యాయునిగా కుదుర్చుకొనిరి. ఆయనకు వారి యిండ్లలో వంతులవారీగా భోజనము, బస యేర్పడెను. రాబర్ట్ చదువున చురుకైనవాడే గాని, సంగీతమున మాత్రము తరగతి కంతటికిని వెనుకబడెను. అతనికి శ్రుతిజ్ఞానము లేదనియు, కవి కాదగినవాడు తమ్ముడు గిల్బర్టే యనియు గురువు తలంచెను.

1766లో ఆ కుటుంబము కౌలుసేద్యమునకై వేరొక చోటికి తరలెను. చవిటినేలను దున్ని దున్ని బాలుని దేహము చెడెను; కాని పుస్తకము చేతినుండి జారలేదు. అప్పులతోను, వ్యాజ్యములతోను కృశించి తండ్రి 1784లో మరణించెను. రెండేండ్ల తరువాత, 1786లో, కిల్మార్నాక్ పట్టణమున రాబర్ట్ మొదటి కావ్యసంపుటము 612 ప్రతులుగా అచ్చుపడి త్వరలోనే చెల్లిపోయెను. శ్రుతి తెలియదనిపించుకొన్న ఆ బాలుడే పిదప తన దేశపు ప్రాతపాటలను సేకరించి, దిద్ది, క్రొత్తవి రచించి, జాతి యంతటిచేతను పాడించెను. అతని నడవడిలో లోపములు లేకపోలేదు. 1796 జూలై 21వ తేదీని, ముప్పదియేడేండ్ల ప్రాయముననే, అతడు కన్నుమూసెను.

ఆ యిల్లు కొంతకాలము సారాయి అంగడియై, 1881లో బర్న్స్ స్మారక ధర్మకర్తల వశమై, అటుపిమ్మట దర్శనీయస్థల మాయెను.

బాలబాలికలారా! కుమారుని కీర్తిని తండ్రి చూడలేదు. శిష్యుని శక్తిని గురువు గుర్తింపలేదు. అయినను ఒకరు చదువు చెప్పించుట మానలేదు, మరియొకరు చెప్పుట మానలేదు. నేడు తరగతిలో వెనుకబడినవాని యందేమి దాగియున్నదో ఉపాధ్యాయులమైన మేమును ఎరుగము. కావున మీరును నిరాశ చెందకుడు.