ఓలె యోహాన్ డాల్

ఓలె యోహాన్ డాల్ (అక్టోబరు 12, 1931 - జూన్ 29, 2002) నార్వే దేశానికి చెందిన సుప్రసిద్ధ కంప్యూటరు శాస్త్రవేత్త. క్రిస్టెన్ నైగార్డ్‌తో కలసి సిమ్యులా భాషలను రూపొందించి, ఆబ్జెక్టు ఆధారిత ప్రోగ్రామింగుకు పునాది వేసినవారిలో ఒకడుగా ఈయన ప్రసిద్ధి చెందాడు.

జీవిత విశేషాలు

డాల్ నార్వే దక్షిణ తీరములోని మాండాల్ పట్టణములో జన్మించాడు. 1952లో ఆ దేశ రక్షణ పరిశోధనా సంస్థలో చేరి, తొలితరం కంప్యూటర్లకు ప్రోగ్రాములు వ్రాశాడు. ఓస్లో విశ్వవిద్యాలయములో సంఖ్యాత్మక గణితము అభ్యసించాడు. 1963లో నార్వే కంప్యూటింగ్ కేంద్రమునకు మారాడు. 1968లో ఓస్లో విశ్వవిద్యాలయములో ఆచార్యుడయ్యాడు.

వారసత్వ భావన

ఒక వంతెన వద్ద సుంకము చెల్లించుటకు లారీలు, బస్సులు, కార్లు వరుసలో నిలిచినవనుకుందాము. ప్రతి వాహనమునకు ప్రత్యేక లక్షణములున్నా, వరుసలో నిలుచుట అన్నిటికీ సమానమే. ఆ సమాన భాగమును ప్రతి రకమునకు మరల మరల వ్రాయవలసి రావడము పెద్ద చిక్కు. 1966-67 శీతాకాలములో డాల్, నైగార్డ్‌లు దీనికి పరిష్కారము కనుగొన్నారు. కొత్త క్లాసు పేరుకు ముందు పాత క్లాసు పేరు చేర్చినచో, పాతదాని లక్షణములన్నీ కొత్తదానికి సంక్రమిస్తాయి. సిమ్యులా 67లో వెలువడిన ఈ పద్ధతియే నేటి వారసత్వము. ఒకే పేరు గల పనిని ఉపక్లాసు తన రీతిలో మార్చుకొనుటకు వర్చువల్ ప్రొసీజర్లు కూడా ఇందులోనే వచ్చాయి.

గోప్యత

అయితే తొలి సిమ్యులా 67లో క్లాసు లోపలి అంశములు బయటివారికి కూడా అందుబాటులో ఉండేవి. బయటి ప్రోగ్రాము ఒక విలువను నేరుగా మార్చినచో, ఆబ్జెక్టు లోపలి క్రమము చెడిపోవచ్చు. ఈ లోపమును సరిదిద్దుటకు 1970వ దశకములో రెండు నియమములు చేర్చబడినవి. ప్రొటెక్టెడ్ అని ప్రకటించిన అంశము ఆ క్లాసుకు, దాని ఉపక్లాసులకు మాత్రమే కనిపిస్తుంది. హిడెన్ అని ప్రకటించినది ఉపక్లాసులకు కనిపించదు. రెండూ కలిపి ప్రకటించినచో ఆ అంశము సొంత క్లాసుకే పరిమితమవుతుంది. సి++, జావా భాషలలోని ప్రైవేట్, ప్రొటెక్టెడ్ పదములు ఇటువంటి అవసరమునే తీరుస్తాయి.

గుర్తింపు

డైక్‌స్ట్రా, హోర్‌లతో కలసి డాల్ వ్రాసిన స్ట్రక్చర్డ్ ప్రోగ్రామింగ్ అను గ్రంథము 1972లో వెలువడినది. సిమ్యులా ప్రభావముతో స్మాల్‌టాక్, సి++ భాషలు రూపొందాయి. 2001 సంవత్సరానికి గాను ట్యూరింగ్ పురస్కారము డాల్, నైగార్డ్‌లకు ఉమ్మడిగా లభించినది. సిమ్యులా 67 వెలువడిన మూడు దశాబ్దాలకు పైగా గడచిన తరువాత వచ్చిన ఈ గౌరవమును వారు ఎక్కువ కాలము అనుభవించలేకపోయారు. 2002 జూన్ 29న డాల్, ఆగస్టు 10న నైగార్డ్ మరణించారు. వారిద్దరి పేరిట 2005 నుండి డాల్-నైగార్డ్ బహుమతి ఇవ్వబడుతున్నది.