మన్యవీరుడు అల్లూరి సీతారామరాజు

విశాఖపట్నం పేరు వినగానే నౌకాశ్రయం, ఉక్కు కర్మాగారం మనకు స్ఫురిస్తాయి. ఆ నగరానికి పడమటి దిక్కున తూర్పు కనుమలు బారులు తీరి ఉన్నాయి. ఆ కొండలలో వ్యాపించిన అటవీ ప్రాంతమే మన్యం. తాండవ, శారద వంటి నదులు అక్కడ పుట్టి మైదానంలోని పొలాలకు నీరందిస్తున్నాయి. బగతలు, కొండదొరలు, కోదులు, కోయలు మొదలైన గిరిజనులు తరతరాలుగా ఆ అడవిని నమ్ముకొని జీవిస్తున్నారు. అడవి ఎవరిది, దానిని ఎవరి కోసం కాపాడాలి అనే ప్రశ్న ఒకనాడు ఆ కొండలలో సాయుధ పోరాటంగా మారింది. ఆ పోరాటానికి నాయకత్వం వహించిన మహనీయుడు అల్లూరి సీతారామరాజు.

సీతారామరాజు 1897 జులై 4వ తేదీన విశాఖపట్నం జిల్లాలోని పాండ్రంగి గ్రామంలో, మాతామహుల ఇంట జన్మించాడు. తండ్రి వెంకటరామరాజు, తల్లి సూర్యనారాయణమ్మ. వారి స్వస్థలం భీమవరం సమీపంలోని మోగల్లు. ఛాయాచిత్రకారుడైన తండ్రి రాజు బాల్యంలోనే మరణించడంతో కుటుంబం కష్టాల పాలయింది. పినతండ్రి రామకృష్ణంరాజు ఆదరణతో ఆయన చదువు సాగింది. నర్సాపురంలోని టేలర్ ఉన్నత పాఠశాలలోను, విశాఖపట్నంలోని ఏ.వి.ఎన్. కళాశాలలోను కొంతకాలం చదివాడు. పాఠ్యగ్రంథాల కంటే సంస్కృతం, జ్యోతిషం, మూలికా వైద్యం, గుర్రపు స్వారీ ఆయనను ఎక్కువగా ఆకర్షించాయి. చదువు మధ్యలోనే విరమించి, ఉత్తర భారతదేశంలోని పుణ్యక్షేత్రాలను దర్శించి, 1917 నాటికి మన్యం ముఖద్వారమైన కృష్ణదేవిపేటకు చేరుకున్నాడు.

అక్కడ ఆయనకు కనిపించిన దుస్థితిని అర్థం చేసుకోవాలంటే అటవీ చట్టాల చరిత్రను కొంత తెలుసుకోవాలి. గిరిజనులకు ప్రధాన జీవనాధారం పోడు వ్యవసాయం. కొండవాలులో కొంత మేర పొదలను, చెట్లను నరికి కాల్చి, ఆ బూడిదే ఎరువుగా చోళ్ళు, సామలు, కందులు పండిస్తారు. రెండు మూడేళ్ళ తరువాత ఆ నేలను విడిచి మరొక చోటికి వెళతారు. విడిచిన నేలలో అడవి మళ్ళీ పెరుగుతుంది. చింతపండు, తేనె, కరక్కాయలు, అడ్డాకులు సేకరించడం, పశువులను మేపుకోవడం, జీలుగు కల్లు గీసుకోవడం కూడా వారి జీవితంలో భాగమే.

ఆంగ్లేయ పాలకులకు మాత్రం అడవి కలప గనిగా కనిపించింది. రైలు పట్టాల కింద పరచే స్లీపర్లకు, వంతెనలకు, ఓడలకు అపారమైన కలప అవసరమైంది. విచక్షణ లేకుండా నరికితే అడవులు అంతరిస్తాయని వారు గ్రహించి, వాటిని ప్రభుత్వ స్వాధీనంలో ఉంచుకోదలచారు. ఈ విషయమై ప్రభుత్వంలోనే భిన్నాభిప్రాయాలు ఏర్పడ్డాయి. గ్రామ ప్రజలకు అనాదిగా హక్కులు లేని అడవి అంటూ దాదాపు లేదని 1870 దశకంలో మద్రాసు రెవెన్యూ బోర్డు వాదించింది. అందువల్ల 1878 నాటి భారత అటవీ చట్టం మద్రాసు రాష్ట్రానికి వర్తించలేదు. కాని అటవీ శాఖాధికారి బ్రాండిస్ కృషి ఫలితంగా 1882లో మద్రాసు అటవీ చట్టం వెలువడింది. దానితో విశాలమైన అడవులు రిజర్వు అడవులయ్యాయి.

పోడు వల్ల విలువైన చెట్లు కాలిపోతాయని, కొండవాలులో మట్టి కొట్టుకుపోతుందని అటవీ అధికారులు చెప్పేవారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే సాగుచేసే నేల తగ్గినకొద్దీ గిరిజనులు విడిచిన నేలకే త్వరగా తిరిగి రావలసివచ్చేది. అందువల్ల అడవి కోలుకోవడానికి వ్యవధి చాలేది కాదు. అడవి బిడ్డ గొడ్డలి పడితే నేరమయింది. ప్రభుత్వం కలప నరికిస్తే ఆదాయమయింది. మన్యం ప్రజల బాధకు మూలం ఇదే.

చింతపల్లి, గూడెం ప్రాంతాలలో రోడ్ల నిర్మాణం ఆ బాధను మరింత పెంచింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులచేత బలవంతంగా వెట్టిపని చేయించాడు. కూలి సరిగా ఇచ్చేవాడు కాదు. అధికారాలు కోల్పోయిన ముఠాదారులు కూడా అసంతృప్తితో ఉన్నారు. 1879లో చిగురుపన్నుకు వ్యతిరేకంగా చెలరేగిన రంప తిరుగుబాటు జ్ఞాపకాలు వారి మనస్సులలో సజీవంగానే ఉన్నాయి.

సీతారామరాజు మొదట ఆయుధం పట్టలేదు. రోగులకు మూలికలతో వైద్యం చేశాడు. సహాయ నిరాకరణోద్యమ కాలంలో మద్యపానాన్ని మానమని బోధించాడు. తగాదాలను కోర్టులకు పోకుండా పంచాయతీలలోనే తీర్చుకోవాలని ప్రచారం చేశాడు. ప్రజలు ఆయనను దైవసమానునిగా భావించారు. ప్రభుత్వం ఆయనను అనుమానించి కొంతకాలం మన్యానికి దూరంగా ఉంచింది. తిరిగి వచ్చిన రాజు, వినతుల వల్ల ప్రయోజనం లేదని నిశ్చయించుకొని పోరాటానికి పూనుకున్నాడు. గాం గంటందొర, మల్లుదొర సోదరులు, అగ్గిరాజు ఆయనకు అండగా నిలిచారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడి జరిగింది. 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు వారికి లభించాయి. తీసుకున్న ఆయుధాల వివరాలను స్టేషను పుస్తకంలోనే వ్రాసి రాజు సంతకం చేశాడు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో కోవర్డు, హైటర్ అనే ఆంగ్లేయాధికారులు మరణించారు. భారతీయులైన పోలీసులకు ప్రాణహాని కలగకుండా ఆయన జాగ్రత్త వహించేవాడు.

అడవిని ఎరిగినవారికి అడవే కోటగా నిలిచింది. బాటలు తెలియని సైనికులు కొండలలో చిక్కుపడ్డారు. ప్రభుత్వం మలబారు పోలీసు దళాన్ని, తరువాత అస్సాం రైఫిల్స్‌ను రప్పించింది. 1922 డిసెంబరులో పెద్దగడ్డపాలెం వద్ద విప్లవకారులకు తీవ్ర నష్టం కలిగింది. 1924లో ప్రత్యేకాధికారిగా వచ్చిన రూథర్‌ఫర్డ్ హయాంలో నిర్బంధం తీవ్రమయింది. ఆశ్రయమిచ్చిన గ్రామాల ప్రజలు ఎన్నో బాధలు అనుభవించారు. చివరకు మంప గ్రామం వద్ద రాజు పట్టుబడ్డాడు. 1924 మే 7న కొయ్యూరులో గుడాల్ అనే సైనికాధికారి ఆయనను విచారణ లేకుండా కాల్చి చంపించాడు. తప్పించుకోబోగా కాల్చవలసివచ్చిందని ప్రభుత్వం ప్రకటించింది. అప్పటికి రాజుకు ఇరవై ఏడేళ్ళయినా నిండలేదు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉన్నది.

హింసామార్గాన్ని అంగీకరించని గాంధీజీ కూడా 1929లో ఆంధ్రదేశంలో పర్యటించిన తరువాత రాజు ధైర్యాన్ని, త్యాగాన్ని ప్రశంసించాడు. జైలు శిక్ష అనుభవించిన మల్లుదొర 1952లో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. పాడేరు కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు.

రాజు లేవనెత్తిన ప్రశ్న ఆయనతో ముగిసిపోలేదు. ఆదాయం కంటే పర్యావరణ సమతుల్యమే ముఖ్యమని 1988 నాటి జాతీయ అటవీ విధానం ప్రకటించింది. అటవీ భూములపై గిరిజనుల హక్కులను 2006 నాటి చట్టం గుర్తించింది. కలప కోసం, గనుల కోసం అడవులను కొట్టివేయడం దేశానికి క్షేమకరం కాదు. మనుషులను వెళ్ళగొట్టి చెట్లను మాత్రమే కాపాడాలనుకోవడం న్యాయమూ కాదు. అడవితో బ్రతికేవారికి అడవిపై హక్కు ఉన్నప్పుడే దానిని రక్షించాలనే బాధ్యత వారిలో నిలుస్తుంది. మన్యవీరుని జీవితం మనకు అందించే సందేశం ఇదే.

అభ్యాసం

1. మద్రాసు అటవీ చట్టం గిరిజనుల జీవితాన్ని ఏ విధంగా మార్చిందో వివరించండి.
2. సాయుధ పోరాటానికి పూర్వం సీతారామరాజు చేసిన సేవలను సంగ్రహంగా వ్రాయండి.
3. పోడు వ్యవసాయాన్ని గురించిన వాదాలను తెలిపి, మీ అభిప్రాయం వ్రాయండి.