రెండు స్తంభాల ఓడ, రెండు భాషల నాణెం: యజ్ఞశ్రీ శాతకర్ణి

మన అంబత్తూరుకు చెరువు ఉంది గానీ సముద్రం లేదు. అయినా మన సంఘం తెలుగు తరగతిలో పిల్లలచేత ఒకసారి ఓడ బొమ్మ గీయించాం. అందరూ ఒక స్తంభం, ఒక తెరచాప గీశారు. రెండు స్తంభాలు గీయమన్నాం. ఎందుకని అడిగారు. ఆ ఎందుకుకు జవాబు ఒక రాజుగారి కథలో ఉంది. ఆయనే గౌతమీపుత్ర యజ్ఞశ్రీ శాతకర్ణి.

2017లో వచ్చిన సినిమాలో మనం చూసిన గౌతమీపుత్ర శాతకర్ణి ఈయన కాదు. ఈయన అదే శాతవాహన వంశంలో తరువాతి కాలం రాజు, ఆ వంశపు గొప్ప రాజులలో చివరివాడు. తల్లి పేరును తన పేరుకు ముందు పెట్టుకోవడం ఆ వంశపు ఆచారం. క్రీ.శ. 2వ శతాబ్దం చివరి భాగంలో ఏలాడు.

ఆయన సింహాసనం ఎక్కేనాటికి రాజ్యం తేలికగా లేదు. పడమటి క్షత్రప రాజు రుద్రదాముడు దక్షిణాపథపతి శాతకర్ణిని రెండుసార్లు ఓడించానని జునాగఢ్ శాసనంలో రాయించుకున్నాడు. పోయిన నేలలో కొంత యజ్ఞశ్రీ తిరిగి రాబట్టాడు. ముంబై దగ్గరి సోపారా స్తూపంలో ఆయన వెండి నాణెం దొరకడం అందుకు ఒక గుర్తు.

మేము గుమాస్తాగా పనిచేసినవాళ్లం కాబట్టి రిజిస్టరు చూసే అలవాటు పోలేదు. ఈయన రిజిస్టరు రాళ్ల మీద ఉంది. 7వ ఏట నాసిక్ గుహలో శాసనం, 16వ ఏట కణ్హేరిలో శాసనం, 27వ ఏట మన చినగంజాంలో శాసనం. చెన్నై నుంచి విజయవాడ వెళ్లే రైలులో ఒంగోలు దాటాక వచ్చే ఉప్పు కొఠార్ల ఊరు అదే. అంటే పడమటి తీరమూ, తూర్పు తీరమూ ఒకే రాజు చేతిలో ఉండేవి. నాగార్జునుడి మిత్రుడైన శాతవాహన రాజు మూడు సముద్రాలకు అధిపతి అని బాణుడు హర్షచరిత్రలో చెప్పాడు. ఆ రాజు యజ్ఞశ్రీయేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం.

ఇక ఓడ సంగతి. శాతవాహనులు తూర్పు తీరంలో చెల్లించిన నాణేల మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉంటుంది. పులుమావి కాలంలోనూ ఉంది, యజ్ఞశ్రీ కాలంలోనూ ఉంది. ఇలాంటి సీసపు నాణేలు చెన్నై నుంచి కడలూరు దాకా తీరం పొడుగునా దొరికాయి. ఓడ ముందు కొస, వెనుక కొస ఎత్తుగా లేచి ఉంటాయి. స్తంభాలను తాళ్లు పట్టి నిలుపుతాయి. వెనుక చుక్కాని తెడ్డు ఉంటుంది.

ఆ కట్టుబడికి కారణం ఉంది. కొసలు ఎత్తుగా ఉంటే ఎదురు కెరటం ఓడలోకి దూకదు. ఒకే పెద్ద తెరచాప అయితే గాలివానలో దించడం కష్టం, చిరిగితే దిక్కులేదు. రెండు స్తంభాలకు రెండు చిన్న చాపలైతే కొద్దిమంది చాలు, ఒకటి పోయినా రెండోది నడుపుతుంది. ముందు, వెనుక చాపలను సరిచేస్తే ఓడ దారి తప్పకుండా ఉంటుంది, చుక్కాని పట్టినవాడికి బరువు తగ్గుతుంది. తీరం వెంబడి చేపల వేటకు ఇంత ఏర్పాటు అక్కరలేదు. నేల కనబడని సముద్రం దాటేవాడికే కావాలి.

దాటేవారు కూడా. కృష్ణ ముఖద్వార ప్రాంతాన్ని మైసోలియా అని రాసిన టాలెమీ, సువర్ణభూమికి వెళ్లే ఓడలు తీరం వదిలి నడిసముద్రంలోకి తిరిగే చోటును కూడా గుర్తించాడు. ఆయన చెప్పిన కొంటకోస్సిలా నేటి ఘంటసాల. నైరుతి గాలి తూర్పుకు తోసేది, ఈశాన్య గాలి ఇంటికి తెచ్చేది. తెరచాపకు కాలెండరు అదే.

మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది ఆయన వెండి నాణెం. ఒకవైపు రాజుగారి ముఖం, చుట్టూ ప్రాకృతంలో పేరు. రెండోవైపు అదే పేరు ద్రావిడ భాషలో. ప్రాకృతం దర్బారు భాష. రెండోది సంతలో నాణెం అందుకునేవాడి భాష. ఒకటి ఉంచి రెండోది తీసేయాలని ఆ రాజుకు తోచలేదు. ఒకే నాణెం రెండిటినీ మోసింది.

ఆయన తరువాత రాజ్యం చీలిపోయింది. కృష్ణాతీరంలో ఇక్ష్వాకులు వచ్చారు. ఓడ విద్య మాత్రం పోలేదు. అజంతా చిత్రంలోని 5వ శతాబ్దపు ఓడను చూసి, కొబ్బరి పీచు తాళ్లతో పలకలు కుట్టి, చతురస్రపు తెరచాపలు ఎత్తి మన నౌకాదళం కౌండిన్య అనే ఓడను తయారుచేయించింది. దాని నమూనాను నీటిలో పరీక్షించడంలో మన చెన్నై ఐఐటీ తోడ్పడింది. 2025 మేలో అది నౌకాదళంలో చేరింది. ఆ ఏడాది డిసెంబరు 29న పోరుబందరులో బయలుదేరి మస్కట్ చేరింది.

మన పిల్లలు బడిలో తమిళం చదువుతారు, చదవాలి కూడా. ఇంట్లో తెలుగు మాట్లాడతారు. కానీ తెలుగు చదవడం వచ్చినవారు మన తరగతికి వచ్చేవారిలోనే తక్కువ. వాళ్లకు మేము చెప్పింది ఒక్కటే. ఒక చాప చిరిగినా ఓడ ఆగకూడదనే రెండో స్తంభం. అందుకే రెండూ గీయమన్నాం. వచ్చే ఆదివారం మీ పిల్లలనూ పంపండి. పలక మేమిస్తాం.