చెన్నపట్నపు పెద్దవర్తకుడు కాశీ వీరన్న

మన ప్రాంతము గోలకొండ సుల్తానుల యేలుబడిలో నుండగా, 1611వ సంవత్సరమున, ఆ రాజ్యపు రేవైన మచిలీబందరున ఇంగ్లీషువారు వర్తక మారంభించిరి. పిదప దక్షిణమునకు సాగి, 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుని వలన సముద్రతీరమున కొంత నేల సంపాదించి, మరుసటియేడు కోట కట్ట మొదలిడిరి. అదియే చెన్నపట్నము. వారికి తొలినాళ్ల దుబాసీ బేరి తిమ్మన్న. ఆయన తరువాత ఆ పట్నమున సాటిలేని వర్తకుడై వెలసినవాడు కాశీ వీరన్న.

కోటలోని దొరలకు ఫిరంగులుండెను, ఓడలుండెను. నేతగాని యిల్లు మాత్రము తెలియదు. సీమకు పోవలసిన బట్టల నన్నిటిని పెద్దవర్తకుడే కూర్చవలెను. కంపెనీవారు ముందుగా వరహాలు బయానా యిత్తురు. అవి చిన్నవర్తకుల చేతిమీదుగా పల్లెలలోని సాలెవారికి చేరును. నేసిన తానులను కోటలో మచ్చుతో సరిచూచి, నాసివానిని త్రోసివేయుదురు. ఓడ బయలుదేరు అదను తప్పినచో సరకు మరుసటి యేటిదాక కొట్టులో పడియుండును. నేతగాడు బయానా తిని పరారియైనను, కఱవు వచ్చి నూలు ప్రియమైనను, జమాఖర్చులలో లోటు వర్తకుని పేరనే నిలుచును. లెక్కలు వ్రాసినవారికి ఈ భార మెట్టిదో చెప్పనక్కఱలేదు. ఒక్కనివలన కాని యీ పనికై వీరన్న పలువురు వర్తకుల మూలధనము నొకచోట చేర్చి, తన పేర కంపెనీ నడపెను.

అప్పటికి ఆ తీరమెల్ల గోలకొండ వశమై యుండెను. 1672లో నెక్నాంఖానుతో కుదిరిన కౌలు ప్రకారము చెన్నపట్నమునకై కంపెనీవారు ఏటేట 1200 వరహాలు చెల్లింపసాగిరి. ప్రక్కనున్న శాంథోమును వీరన్నయే గోలకొండవారివద్ద గుత్తకు పట్టెను. తురకలు ఆయనను హసన్ ఖాన్ అని పిలుచుచుండిరి. పట్నమున మసీదొకటి కట్టించినట్లును ప్రసిద్ధి. ఇరువాగులవారికిని ఆయన తమవాడే.

ఆ చనవే 1680 మార్చిలో ఆయన చనిపోయిననాడు చిక్కు తెచ్చిపెట్టెను. దహనమా, ఖననమా? హిందువులు కాల్చవలెననిరి, తురకలు పూడ్చవలెననిరి. తగవు గవర్నరు స్ట్రేన్‌షాం మాస్టరు ఎదుటికి వచ్చెను. హిందువుగా దహనము చేయుటకే ఆయన తీర్పిచ్చెను. అంతలో భార్యలలో నొకతె సహగమనమునకు సిద్ధపడెను. దానికి మాత్రము గవర్నరు సమ్మతింపలేదు; ఆమె ప్రాణము దక్కెను. సహగమనమును నిషేధించు శాసన మింకను నూటనలువదితొమ్మిదేండ్లకు, 1829లో, బెంగాలున గాని పుట్టలేదు. వీరన్న గౌరవార్థము కోటపై ముప్పది ఫిరంగులు మ్రోగెను. దొరల దేవాలయమైన సెయింటు మేరీ చర్చి అప్పటి కింకను కట్టుబడిలోనే యుండి, ఆ అక్టోబరులో ప్రతిష్ఠ పొందెను.

పెద్దవర్తకపు పదవి తిమ్మన్న తమ్ముడు పెద్ద వేంకటాద్రికి దక్కెను. వీరన్నకు లోబడి మెలగినవారందఱు ఇతనికి లోబడలేదు. ఆ యేడే అద్దకపువారును మరికొందఱు వృత్తులవారును అలిగి పట్నము విడిచిరి. పోయి చేరినది వీరన్న గుత్తకు పట్టిన ఆ శాంథోమునకే.